నిలబడి కోసే కత్తి

మా అమ్మ మోకాళ్ళు పట్టేసిన ఏడాది మాకు చేతికత్తి కావలసి వచ్చింది. అంతవరకూ మా వంటింట్లో కత్తంటే కత్తిపీటే. అమ్మ దాని మీద ఒక కాలు వేసి కూర్చుందంటే, పొద్దున్న సముద్రం వైపు నుంచి బుట్టల్లో వచ్చిన చేపలన్నీ పొలుసు గీసి, కడుపు తీసి, ముక్కలు చేసి గానీ లేచేది కాదు. ఆ ఏడాది చలి మొదలయ్యాక కూర్చున్న మనిషి లేవలేకపోయింది. నేను వెనకనుంచి రెండు చంకల్లో చేతులు పెట్టి లేపితే, పళ్ళు బిగబట్టి లేచి, గుంజ పట్టుకుని నిలబడింది.

"ఇంక కూకోలేనే పిల్లా. నిలబడి కోసే కత్తేదైనా సూడు" అంది.

మాది హల్దియాపదర్ దగ్గర రోడ్డు పక్కన చిన్న భోజనాల పాక. అప్పట్లో ఆ చోటు బరంపురానికి ఎడంగా ఉండేది. బండ్లవాళ్ళు, చేపల బుట్టలు మోసేవాళ్ళు, పనుల మీద పట్నం వచ్చిపోయే పల్లెటూరివాళ్ళు మా దగ్గర అన్నం తినేవారు. నాన్న సముద్రంలో పోయాక అమ్మ ఒడ్డు వదిలేసి వచ్చి ఈ పాక వేసుకుంది. నా మొగుడు పెళ్ళయిన రెండో ఏడే ఓడెక్కి బర్మాలోని రంగం వెళ్ళి, అక్కడ బియ్యం మిల్లులో పనిచేస్తుండేవాడు. నేను అమ్మ దగ్గరే ఉండిపోయాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఐదో తరగతి వరకూ చదివాను కాబట్టి బయటి పనులన్నీ నావే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నాకు అనుమానం ఎక్కువ. చిన్నప్పటినుంచీ ఉన్న గుణమే గానీ, మా జిల్లాని మద్రాసు నుంచి విడదీసి కొత్త ఒరిస్సాలో కలిపాక అది బాగా ముదిరింది. ఆ రోజుల్లో ఎవడెవడో వచ్చి ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగేవాడు. ఎందుకడుగుతున్నావయ్యా అంటే చెప్పేవాడు కాదు. ఒకసారి ఖాకీ చొక్కావాడొకడు వచ్చి, కొత్త గవర్నమెంటులో తెలుగు బోర్డు చెల్లదని, ఒడియాలో రాయించి తెస్తానని, మా పాక బోర్డు ఊడదీసి భుజాన పెట్టుకుని పోయాడు. వాణ్ణి ఏ ఆఫీసువాళ్ళూ పంపలేదని తరవాత తెలిసింది. మంచి టేకు చెక్క బోర్డు. అప్పటినుంచి నవ్వుతూ వచ్చే మనిషి కనిపిస్తే నేను ముందు వాడి చేతులు చూసేదాన్ని, తరవాతే మొహం.

అలాంటి నేను కత్తి కొనడానికి బరంపురం బజారుకి వెళ్ళాను. ఇనపసామాన్ల కొట్టు షావుకారు మైనం కాగితంలో చుట్టిన కత్తి ఒకటి తీశాడు. అలుగు అద్దంలా మెరుస్తోంది.

"విలాయతీ సరుకమ్మా. ఇలాటిది ఈ బజారంతా తిరిగినా దొరకదు" అని, ఒక కాగితాన్ని గాలిలో పట్టుకుని కత్తితో సర్రున చీల్చి చూపించాడు.

"మేం కాయితాలు వండుకోం బాబూ. సేప తలకాయ తెచ్చినాను, దీన్ని కొట్టి సూపించు" అని గుడ్డలో చుట్టి తెచ్చిన తలకాయని ఆయన బల్ల మీద పెట్టాను.

షావుకారు రెండడుగులు వెనక్కి వేశాడు. "కొట్లో సేపేటి! తియ్యి, తియ్యి ముందు!" అని కేకలు పెట్టాడు.

"నీ కత్తి మీద నీకే నమ్మకం లేదు" అని తలకాయ చుట్టుకుని వచ్చేశాను. ఆయన నుదుటి మీద నిలువు నామం ఉందనీ, చేప ముట్టని మనిషనీ నాకు దారిలో సగం దూరం వచ్చాక తోచింది. అయినా వెనక్కి వెళ్ళలేదు.

ఆ మధ్యాహ్నం ఈ కథంతా అమ్మకి చెబుతుంటే, మూల బల్ల దగ్గర అన్నం తింటున్న ముసలాయన తలెత్తి విన్నాడు. ఆయన్ని అందరూ బట్లరు తాత అనేవారు. గోపాలపూర్ ఒడ్డున ఒక దొర బంగళాలో చాలా ఏళ్ళు వంట చేశాడు. దొరా దొరసానీ సీమకి వెళ్ళిపోయి బంగళా మూతపడ్డాక మా పాక వెనక ఒక గదిలో ఒంటరిగా ఉండేవాడు. భార్య ఎప్పుడో పోయింది. ఒక్క కూతురు ఇచ్ఛాపురం దగ్గర ఎక్కడో ఉందనేవారు. ఎప్పుడూ ఉతికిన కమీజు, కత్తిరించిన గోళ్ళు. తినేటప్పుడు మాట్లాడేవాడు కాదు. విస్తట్లో చేపముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ తరవాత తినేవాడు. ఆ తిప్పి చూడడం నాకు అసలు నచ్చేది కాదు. మా కోతకి వంక పెడుతున్నట్టు ఉండేది.

"అమ్మీ, నువ్వు ఆ కత్తిని ఏల మీద నిలబెట్టి సూసినావా?" అని అడిగాడు ఆయన.

"ఏటి?"

"అలుగూ పిడీ కలిసే కాడ ఏలెట్టి సూడాల. ముందుకి వొరిగితే నీ మణికట్టు పోతాది. ఎనక్కి వొరిగితే బలమంతా నువ్వే పెట్టాల. నిలబడి కోసే కత్తికి అదే ముందు సూడాల."

ఇన్నాళ్ళూ నోరు విప్పని మనిషి ఇవాళెందుకు విప్పాడా అని చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు ఆయన చంకలో ఒక గుడ్డచుట్ట పెట్టుకుని వచ్చాడు. తినడం అయ్యాక చెయ్యి కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, బల్ల మీద ఆ చుట్ట విప్పాడు. లోపల కత్తి. జానెడున్నర పొడవు, పిడి పక్కన మడమ దగ్గర వెడల్పు, కొసకి వచ్చేసరికి సన్నం. మెరుపు లేదు. అలుగంతా వానకి ముందు మబ్బు రంగులో ఉంది. అమ్మ గుంజ వదిలిపెట్టి దగ్గరికి వచ్చింది.

"మెరిసేదానికి పైన పూత ఉంతాది. పూత కింద ఏ ఇనుముందో ఎవుడికి తెల్సు? ఇది సూడండి, మావిడికాయ కోస్తే నల్లబడతాది, తడి తుడవకపోతే తుప్పడతాది. కానీ పదును నిలుస్తాది" అన్నాడు. పిడి వైపు తిప్పి చూపించాడు. రెండు చెక్కల మధ్యన అలుగు ఇనుమే పిడి చివరిదాకా వచ్చి ఉంది. "ఇలా తోక దాకా ఇనుముండాల. సగంలో ఆగిపోతే ఏదో ఒక పూట పిడి నీ సేతిలో ఉంతాది, అలుగు నీ కాలి మీద ఉంతాది. సెక్కకీ ఇనుముకీ మద్దిన సందుండకూడదు. సేప నెత్తురు అందులో దూరితే కుళ్ళిపోద్ది."

అమ్మ చేతికి ఇచ్చాడు. అమ్మ నిలబడే ఒక ఉల్లిపాయ కోసింది. వత్తాల్సిన పని లేకుండా ముక్కలు పడిపోయాయి. అమ్మ కత్తిని ఇంకాసేపు చేతిలో పట్టుకుని, "బంగారంలాగుంది" అంది.

నేను మాత్రం అలుగు మీద మడమ దగ్గర చెక్కి ఉన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు చూస్తున్నాను. కొట్టు ముద్రలా లేవు. ఎవరిదో పేరులో మొదటి అక్షరాల్లా ఉన్నాయి. బంగళా మూతపడింది. దొరలు సీమకి పోయారు. బట్లరు చంకలో దొరల కత్తి ఉంది. ఇందులో తెలుసుకోడానికి ఏముంది?

"అమ్ముతావేటి తాతా?" అని అడిగాను.

ఆయన కత్తిని మళ్ళీ గుడ్డలో చుట్టేశాడు. "ఇది అమ్మేది కాదు. ఇలాటిది సేయించుకోండి. కొండ దారిలో కమ్మరున్నాడు. పాత మోటారు బస్సు కింది కమాను పట్టీలతో సేస్తాడు. నా పేరు సెప్పు" అన్నాడు.

నా పేరు చెప్పు అన్న మాట వినగానే నాకంతా అర్థమైపోయిందనుకున్నాను. మనుషుల్ని పంపినందుకు కమ్మరి దగ్గర దస్తూరీ ముడుతుంది కాబోలు. ఈ పాఠాలన్నీ అందుకే.

రెండు రోజులాగి, ఆయనకి చెప్పకుండా కమ్మరి దగ్గరికి వెళ్ళాను. ఒడియా మనిషి, మోచేతుల దాకా మసి. కత్తి కావాలని చెప్పగానే నన్ను ఎగాదిగా చూసి, "బట్లరు పంపాడా?" అని ఒడియాలో అడిగాడు.

"ఎవరూ పంపలేదు."

"బట్లరు పంపితే సరే. లేకపోతే పదిహేను రోజులు పడుతుంది" అన్నాడు, ఇంకేదో ఇనుము కొలిమిలో పెడుతూ.

నేను వెనుదిరిగి వచ్చేశాను. నా లెక్క తప్పలేదని ఒక రకమైన సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది.

ఆ వారంలోనే కొత్త కానిస్టేబులు ఒకతను మా పాకలో తినడం మొదలుపెట్టాడు. కటకం వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు. తెలుగు రాదు. అమ్మని పిన్నీ అన్నట్టు మౌసీ అని పిలుస్తూ, పులుసు ఇంకాస్త పొయ్యమనేవాడు. చెడ్డవాడేమీ కాదు. ఒక రోజు అతను తింటుండగా బట్లరు తాత తన భోజనం ముగించి, ఈమధ్య రోజూ వెంట తెస్తున్న గుడ్డచుట్ట చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

"ఆ ముసలాయన ఏమిటి మోసుకు తిరుగుతాడు?" అని కానిస్టేబులు మామూలుగా అడిగాడు.

"కత్తి. దొరలది" అన్నాను ఒడియాలో.

"కాహార?" అన్నాడు. ఎవరిదని.

"దాని మీద దొర పేరుంది. ఏ దొర ఇచ్చాడో, ఇచ్చాడో లేదో నాకేం తెలుసు" అన్నాను.

నేను అన్నది అంతే. అతను పులుసు అన్నం ముగించి, చెయ్యి కడుక్కుని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. ఆమెకి వినిపించలేదు.

మర్నాడు బట్లరు తాత భోజనానికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను మూల బల్ల వైపు చూడకుండా విస్తళ్ళు వేశాను. మూడోనాడు వచ్చాడు. కమీజు నలిగి ఉంది. చంక ఖాళీగా ఉంది.

"ఏటయ్యింది? ఒంట్లో బాగోలేదా?" అని అమ్మ అడిగింది.

"కత్తి ఠాణాకి ఎల్లిపోనాది. దొరసాని రాసిచ్చిన కాయితం ఉన్నాది నా కాడ. అది ఇంగిలీసు సేతిరాత, సదివేవోళ్ళు అక్కడెవుళ్ళూ లేరు. కాయితం, కత్తీ కలిపి చత్రపురం కలెక్టరాఫీసుకి పంపినారు. అక్కడికి ఎల్లి సూసుకోమన్నారు" అన్నాడు. ఎవరి మీదా కోపం లేనట్టు, వానొచ్చింది అని చెబుతున్నట్టు చెప్పాడు. "నాకు దొరల భాస ఇంటే తెలుస్తాది గానీ అచ్చరం రాదు. ఏ గదికి ఎల్లాలో ఏటో."

"మా పిల్ల సదువుకుంది. ఒడియా కూడా బాగా ఒచ్చు. తోడు ఒస్తాది" అంది అమ్మ, నన్ను అడగనైనా అడగకుండా.

ఆయన నా వైపు చూశాడు. వద్దంటాడేమో అని ఆశపడ్డాను. "సరే" అన్నాడు.

మళ్ళీ వారం ఇద్దరం బరంపురంలో ఛత్రపురం రైలెక్కాం. కిటికీ పక్కన కూర్చుని ఆయన వేళ్ళతో తొడ మీద తాళం వేస్తున్నట్టు కొడుతున్నాడు. కాసేపు చూశాక అది ఉల్లిపాయ తరగడమని నాకు తెలిసింది. ఎడమచేతి వేళ్ళు లోపలికి ముడిచి వెనక్కి జరుపుతున్నాడు, కుడిచెయ్యి లేచి పడుతోంది. ఆయనకి తాను చేస్తున్నది తెలియడం లేదు.

ఆఫీసు వరండాలో జనం. మమ్మల్ని ఒక గది నుంచి ఇంకో గదికి, అక్కడినుంచి మళ్ళీ వరండాలోకి పంపారు. ఒకరు మద్రాసు కాగితమా అన్నారు, ఒకరు ఒరిస్సా కాగితమా అన్నారు. మధ్యాహ్నం దాటాక కళ్ళజోడు పెట్టుకున్న గుమస్తా ఒకాయన మమ్మల్ని పిలిచాడు. ఆయన ముందు బల్ల మీద తాడుతో కట్టిన పొట్లం ఉంది. విప్పలేదు.

"నీ కత్తి అయితే ఎలా ఉంటుందో చెప్పు" అని ఒడియాలో అడిగాడు.

తాత కళ్ళు మూసుకున్నాడు. వచ్చీరాని ఆఫీసు ఒడియాలో కాకుండా, బజారు ఒడియాలో తాపీగా చెప్పాడు. "పిడికి మూడు మేకులు. మధ్యది ఇత్తడి. మొదట ఇనుపదే ఉండేది, ఊడిపోతే నేనే వేయించాను. పిడి కింద నా చిటికెన వేలు ఆనే చోట గుంట పడింది. అలుగు కొసకి రెండంగుళాల ఇవతల చిన్న నొక్కు ఉంది. పీత డెక్క కొడితే పడింది. దాన్ని సానపెట్టిస్తే అలుగు తరిగిపోతుందని అలాగే ఉంచాను. వెన్ను మీద నా చూపుడు వేలు ఆనేచోట మిగతాదానికన్నా నున్నగా ఉంటుంది."

గుమస్తా పొట్లం విప్పాడు. ఒక్కొక్కటీ చూశాడు. పిడి కింద తన చిటికెన వేలు పెట్టి చూశాడు. అది ఆ గుంటలో సరిపోలేదు, ఆయన వేలు లావు. తరవాత కాగితం తీసి తనలో తాను ఒకసారి చదువుకుని, మళ్ళీ మాకోసం ఒడియాలో చెప్పాడు. దొరసాని రాసింది. మేము వెళ్ళిపోతూ ఇంతకాలం మా ఇంట్లో వండిన ఇతన్ని ఏం కావాలో కోరుకోమన్నాము, గడియారం ఇస్తామన్నాము, కుర్చీలు బల్లలు తీసుకోమన్నాము, ఇతను ఈ కత్తి ఒక్కటే అడిగాడు, మా ఆయన అక్షరాలు దీని మీద ఉన్నాయి కనుక రేపు ఎవరైనా అడిగితే చూపించుకోడానికి ఈ ఉత్తరం రాసి ఇస్తున్నాను, అని ఉంది అందులో.

గుమస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎవరో అడుగుతారని ఆవిడకి ముందే తెలుసు" అన్నాడు. సంతకం పెట్టమన్నాడు. తాత వేలిముద్ర వేశాడు.

కత్తి తుప్పు పట్టి ఉంది. నూనె రాయకుండా కాగితంలో చుట్టి ఇన్ని రోజులు ఉంచితే పట్టక ఏం చేస్తుంది. వరండా చివర కూర్చుని ఆయన ఆ ఎర్రటి మచ్చల మీద బొటనవేలితో ఒకసారి రాశాడు. కమీజు అంచుతో తుడిచాడు. ఆ పూట నన్ను ఎవరైనా చెంప మీద కొట్టినా బాగుండేది.

స్టేషనులో బరంపురం బండికోసం బెంచీ మీద కూర్చున్నాం. నేను ఇంక ఆగలేకపోయాను.

"తాతా, కానిస్టేబులుకి సెప్పింది నానే."

"తెల్సు" అన్నాడాయన.

"ఎలా తెల్సు?"

"అతగాడే సెప్పినాడు. మౌసీ కూతురు సెప్పిందీ అనీసి. కుర్రోడు, దాసుకోడం రాదు."

"తెల్సీ నన్ను తోడు తెచ్చుకున్నావా?"

"మీ యమ్మ పంపింది. నాను ఒద్దంటే ఎందుకొద్దంతున్నావని అడుగుద్ది. అప్పుడు సెప్పాల. ఆవిడికి మోకాళ్ళ బాద ఒకటుంది, మళ్ళీ ఇదొకటెందుకు?"

నాకు ఏడుపొచ్చింది. కానీ నా గుణం ఊరుకోదు. కన్నీళ్ళు తుడుచుకుంటూనే, ఇంత మంచితనం వెనక ఏముందా అని ఆలోచన నడుస్తూనే ఉంది. ఇన్నాళ్ళు మనసులో పెట్టుకున్నదాన్ని అడిగేశాను.

"నిజం సెప్పు తాతా. ఆ కమ్మరి నీకేటైనా ఇస్తాడా?"

కత్తి మీద తుప్పు తుడుస్తున్న ఆయన చెయ్యి ఆగింది. కోపం వచ్చిందనుకున్నాను. ఆయన నవ్వాడు. పై పళ్ళలో రెండు లేవని నేను అప్పుడే చూశాను.

"ఇస్తాడు. నాను పంపినోళ్ళు కత్తి కొంతే నా కత్తికి సాన ఊరికే పడతాడు. తప్పా?"

తప్పో కాదో నాకు తెలియలేదు. సగం నిజమయిన అనుమానంతో ఏం చెయ్యాలో ఎవరికి మాత్రం తెలుస్తుంది?

"మరి మాకిదంతా నేర్పడం దేనికి? సాన కోసమేనా? నీకేటి కావాల?" అన్నాను.

బండి కూత దూరంగా వినిపించింది. ఆయన కత్తిని చుట్టడం మొదలుపెట్టి, చుట్టడం పూర్తయ్యాక చెప్పాడు.

"బంగళా మూసీనాక నాను ఎవుళ్ళకీ వొండలేదు. నా ఒక్కడికీ పొయ్యి ముట్టించబుద్ధి కాదు. మీ పాకలో కూకుని ఆ ముక్కలు సూస్తుంటే నా సేతులు ఊరుకోవు. ఒక పూట మీ పొయ్యి కాడ నిలబడనిస్తావా?"

తరవాత వారం ఇద్దరం కలిసి కమ్మరి దగ్గరికి వెళ్ళాం. అతను చేసి ఉంచిన కత్తిని నేను కంటికి ఎదురుగా పట్టుకుని వెన్ను చూశాను. నిటారుగానే ఉంది. గోటితో మీటితే గంటలా ఖంగుమంది. ఆకురాయి తెమ్మని అలుగు మడమ మీద రాసి చూశాను. మెత్తటి ఇనుమైతే ఆకురాయి పట్టుకుంటుందని, గట్టిదైతే జారుతుందని తాత దారిలో చెప్పాడు. జారింది. వేలి మీద నిలబెట్టాను, నిలిచింది. చేపల బుట్టలోంచి తెచ్చిన తలకాయని కొలిమి పక్కనున్న మొద్దు మీద పెట్టి కొట్టాను. రెండు చెక్కలయింది, అంచు చెదరలేదు. అప్పుడు పిడి తిప్పి చూస్తే, చెక్కకీ ఇనుముకీ మధ్య వెంట్రుకవాసి సందు.

"ఇది ఒద్దు" అన్నాను.

కమ్మరి తాత వైపు చూశాడు, సర్దిచెప్పమన్నట్టు. తాత కొలిమిలోని నిప్పులు చూస్తూ, "కొనేది ఆయమ్మి" అన్నాడు.

కమ్మరి గొణుక్కుంటూ పిడి ఊడగొట్టి, కొత్త చెక్కలు వేసి, మళ్ళీ మేకులు కొట్టాడు. అది అయ్యేవరకూ నేను అతని చేతుల మీదనుంచి చూపు తిప్పలేదు. నేను అటు తిరిగితే వేరే కత్తికి మార్చేస్తాడని భయం. వెనకనుంచి తాత నవ్వు వినిపిస్తూనే ఉంది. ఆయన కత్తికి ఆ రోజు సాన ఊరికే పడింది. అది కూడా చూశాను.

ఆయన మా పొయ్యి దగ్గర నిలబడింది ఒక ఆదివారం పొద్దున్న. పెద్ద కోనెం చేప కావాలన్నాడు, తెప్పించాను. అమ్మని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, మా కొత్త కత్తితో చేపని చింతమొద్దు మీద పరిచాడు. మెడ వెనక ఒక గాటు పెట్టి, కత్తిని వెన్నెముక మీద ఆనించి, తోకదాకా ఒక్క ఊపులో తీసుకుపోయాడు. రెండోవైపూ అంతే. నడిమి ముల్లు దువ్వెనలా విడిగా వచ్చేసింది. అమ్మ పుట్టినప్పటినుంచీ చేపల్లోనే ఉన్న మనిషి. నోరు తెరుచుకుని, "ఓలమ్మో, ముల్లేదీ?" అంది. లేవలేని మనిషి లేవబోయింది.

ఆయన ఆ ముక్కలకి మిరియాలు, నిమ్మరసం పట్టించి, పెనం మీద నెయ్యి వేసి కాల్చాడు. ఎండుమిరప కారం లేదు, చింతపండు లేదు. విస్తళ్ళలో వడ్డించాను. రోజూ తినే బండివాడొకడు ముక్క విరిచాడు, ఇంకోటి విరిచాడు, వేళ్ళతో నలిపి చూశాడు.

"ఇదేటి? సేపేనా?"

"సేపే. కోనెం" అన్నాను.

"ముల్లు లేందే సేపని ఎలా నమ్మడం?" అని పక్కవాడితో అన్నాడు. పక్కవాడూ వాసన చూశాడు. ఒకరిని చూసి ఒకరు పక్కకి నెట్టేశారు. ఇద్దరు పాత పులుసు ఉంటే పొయ్యమన్నారు. కానిస్టేబులు మాత్రం తనది తిని, పక్కవాళ్ళు వదిలేసిన ముక్కలు కూడా అడిగి తిన్నాడు. నేను లోపలికి వెళ్ళి తాత మొహం చూశాను. బాధపడతాడనుకున్నాను. ఆయన చెమటతో తడిసిన కమీజుతో నిలబడి, మిగిలిన తలకాయనీ ముల్లునీ కుండలో వేసి, మా అమ్మ చేసే పులుసు ఎలా చెయ్యాలో అమ్మనడిగి చేస్తున్నాడు. అమ్మ పీట మీద కూర్చుని చింతపండు ఎంత వెయ్యాలో చెయ్యి చూపిస్తోంది.

వేసవి రాకముందే ఆయన కూతురి దగ్గరికి ఇచ్ఛాపురం వైపు వెళ్ళిపోయాడు. ఊరి పేరు చెప్పమంటే, అది చిన్నది, చెప్పినా తెలీదన్నాడు. ఎందుకు చెప్పడం లేదా అని రెండు రోజులు ఆలోచించాను. కూతురు నిజంగా ఉందా అని కూడా అనుకున్నాను. స్టేషనుకి వెళ్ళి రైలెక్కించాను. చుట్ట చంకలో ఉంది. బండి కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "తడి ఉంచకే" అని అరిచాడు.

అమ్మ ఆ కత్తితో నిలబడి చాలా ఏళ్ళు కోసింది. మొదట్లో చేతికి అలవాటు కాక రెండుసార్లు వేళ్ళు కోసుకుంది. తరవాత నడిమి ముల్లు తియ్యడం కూడా నేర్చుకుంది గానీ, మా దగ్గర తినేవాళ్ళకోసం మళ్ళీ ముల్లుతోనే వండేది. ముల్లు తీసిన ముక్కలు మా ఇద్దరికోసమే.

మరుసటి ఏడాది వానాకాలంలో మాకు ఒక కార్డు వచ్చింది. ఎవరిచేతనో రాయించినట్టుంది, గుండ్రటి తెలుగు అక్షరాలు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయని, కత్తికి నూనె రాస్తున్నారా అని, తనకి మనవడు పుట్టాడని ఉంది. తన ఊరి పేరు అందులోనూ లేదు. తపాలా ముద్ర చూసి ఏ ఊరో పట్టుకుందామని దీపం దగ్గర పెట్టి, ఎండలో పెట్టి చూశాను. వానకి ముద్ర చెరిగిపోయింది. చదవగలిగిన అక్షరాలని బట్టి మూడు ఊళ్ళు అయ్యుండొచ్చు. మూడు కార్డులు కొని, మూడు ఊళ్ళకీ బట్లరు పని చేసిన తాతకి అని పెట్టి జవాబు రాశాను. అందులో ఏదైనా ఆయన చేతికి చేరిందో లేదో మాకు తెలియలేదు.